విరిగిన కాలర్ బోన్, మళ్ళీ ఎక్కిన సైకిల్: నా అనుభవం

ఎముక అతుక్కోవడానికి ఎన్ని వారాలు పడుతుందో డాక్టర్ గారు మొదటి రోజే చెప్పారు. అతుక్కున్నాక మళ్ళీ సైకిల్ ఎక్కడానికి ఎంత కాలం పడుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. జులై చివర పడ్డ నేను, కాలువగట్టు మీద మళ్ళీ నా ఇష్టప్రకారం తొక్కుకుంటూ వెళ్ళేసరికి జనవరి వచ్చింది. ఈ మధ్యలో జరిగిందంతా వరుసగా రాస్తున్నాను. పల్లెలో ఉంటూ, ఇంటిపనీ పొలంపనీ చూసుకుంటూ, నలభై దాటాక దెబ్బ తగిలి, ఇష్టమైన దాన్ని వదిలేద్దామా అని ఊగిసలాడేవాళ్ళు నాలాగే ఇంకా ఉంటారు. వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

నాకు సైకిల్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. తెల్లవారుజామున పశువుల దగ్గర మొదలైతే పాలు, వంట, పొలం, మళ్ళీ పశువులు. సాయంత్రం అయిదున్నర నుంచి చీకటి పడేదాకా ఉన్న సమయం ఒక్కటే నాది. ఆ కాసేపు కాలువగట్టు మీద సైకిల్ తొక్కుతాను. ఎక్కడికీ చేరాలని కాదు. గట్టు చివర తూము దాకా వెళ్ళి, అక్కడ తీగ మీద కూర్చునే లకుముకి పిట్టలను, రెక్కలు చాచి ఆరబెట్టుకునే నీటికాకులను చూసి తిరిగి వస్తాను. పెళ్ళికి ముందు నేర్చుకున్న సైకిల్ అది. ఇల్లు మారింది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, అది మాత్రం నాతోనే ఉంది. అందుకే అది పోతుందేమో అన్న భయం నాకు చిన్న భయం కాదు.

జులై 26 సాయంత్రం సన్నగా జల్లు పడి ఆగింది. దమ్ము చేసి వచ్చిన ట్రాక్టర్ ఒకటి పొలంలోంచి రోడ్డెక్కి, మలుపు పొడవునా బురద పెళ్ళలు రాల్చుకుంటూ పోయింది. వాటి మీద జల్లు పడేసరికి మట్టి రంగూ రోడ్డు రంగూ ఒకటైపోయాయి. మలుపులో నా ముందు చక్రం ఎడమకు జారింది. చెయ్యి ఆన్చే వ్యవధి కూడా లేదు, కుడి భుజం నేరుగా నేలకు కొట్టుకుంది. నొప్పి వెంటనే తెలియలేదు. మొహం మీద పడిన జుట్టు వెనక్కి తోసుకుందామని కుడిచెయ్యి ఎత్తబోయాను, అది లేవలేదు. నాకు తెలియకుండానే ఎడమచెయ్యి వెళ్ళి కుడి మోచేతిని కింద నుంచి పట్టుకుంది. కాలర్ బోన్, అంటే మెడ కింద నుంచి భుజం దాకా ఉండే ఎముక, విరిగినవాళ్ళు చాలామంది అలాగే పట్టుకుని వస్తారని, ఆ పట్టు చూసి ఎక్స్‌రే తీయకముందే సగం అర్థమవుతుందని మర్నాడు డాక్టర్ గారు అన్నారు.

ఆ రాత్రి ఊళ్ళోని డాక్టర్ తువ్వాలుతో చెయ్యి మెడకు వేలాడగట్టి, నొప్పి మాత్ర ఇచ్చి, పొద్దున్నే ఎముకల ఆస్పత్రికి వెళ్ళమన్నారు. ఆటోలో ప్రతి గతుకూ భుజంలోకి వచ్చి తగిలింది. ఆస్పత్రికి పదకొండింటికి చేరితే ఎక్స్‌రే చేతికొచ్చేసరికి మూడు దాటింది. అంతసేపు కూర్చోవాలని ముందే తెలిస్తే ఒక దిండు తీసుకెళ్ళేదాన్ని. మోచెయ్యి కింద ఆసరా ఉంటే నొప్పి సగం తగ్గుతుంది. అక్కడ ఆ ఆసరా నా రెండో చెయ్యే అయింది, సాయంత్రానికి అదీ లాగేసింది.

కాలర్ బోన్ మధ్య భాగంలో విరిగింది. అది ఎక్కువగా విరిగే చోటు కూడా అదేనట. ముక్కలు పెద్దగా పక్కకు జరగలేదు, చర్మం మీదికి పొడుచుకు రాలేదు, వేళ్ళలో తిమ్మిరి లేదు, కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదన్నారు. మా అత్తయ్య వెంట వచ్చారు. పూర్వం ఎనిమిది అంకె ఆకారంలో రెండు భుజాలకూ కలిపి బిగించి కట్టు కట్టేవారు కదా, అది కట్టరా అని అడిగారు. ఇప్పుడు మామూలు స్లింగ్ పట్టీతోనూ అంత బాగానే అతుకుతుందని, రోగికి అదే సుఖమని డాక్టర్ గారు ఓపికగా చెప్పారు. పొగ తాగే అలవాటు ఉందా అని అడిగారు. ఉంటే ఎముక ఆలస్యంగా అతుకుతుందట. పెద్దవాళ్ళకు ఆరు వారాల నుంచి పన్నెండు వారాలు పట్టవచ్చన్నారు. వేళ్ళు తిమ్మిరెక్కినా, చల్లబడినా, ఊపిరి తీసుకోవడం కష్టమైనా ఆ రోజే రమ్మన్నారు. ఈ నాలుగు ముక్కలకూ పట్టిన సమయం పది నిమిషాలు కూడా కాదు. మిగిలిన సంగతులన్నీ ఇంట్లో తెలుసుకున్నవే.

మొదటిది నిద్ర. వెల్లకిలా పడుకుంటే భుజం వెనక్కి లాగుతుంది, పక్కకు తిరగలేం. గోడకు దిండ్లు పేర్చి ఏటవాలుగా ఆనుకుని పడుకోవడమే దారి. ఆగస్టు మొత్తం అలాగే గడిచింది. రెండోది తుమ్ము. దగ్గు, తుమ్ము, నవ్వు ఏది వచ్చినా ఎముక దగ్గర చురుక్కుమంటుంది. బట్టలు వేసుకునేటప్పుడు దెబ్బ తగిలిన చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు ఆ చెయ్యి చివర తీయాలి. ఈ చిన్న సంగతి తెలిసేదాకా రోజూ పొద్దున్నే కన్నీళ్ళు వచ్చేవి. ఒంటిచేత్తో జడ వేసుకోవడం కుదరదు. బడికి వెళ్ళే హడావుడిలో మా అమ్మాయి నాకు జడ వేసి, తరువాత తన జడ తానే వేసుకునేది. నేను దానికి జడ వేసిన ఏళ్ళన్నీ ఆ నిమిషాల్లో గుర్తొచ్చేవి.

అన్నిటికన్నా ఊహించనిది పశువుల దగ్గర జరిగింది. మా పాడిగేదెకు నా చెయ్యి అలవాటు. వేరే మనిషి కూర్చుంటే చేపు రాలేదు. కొద్ది రోజులు పాలు బాగా తగ్గిపోయాయి. నేను పక్కనే నిలబడి ఎడమచేత్తో దాని మెడ నిమురుతూ ఉంటే అప్పుడు కాస్త వదిలేది. మందుల ఖర్చు కన్నా ఈ నష్టం పెద్దది. దానికి తోడు పాలు పితకడానికి, గడ్డి కోయడానికి మనిషిని పెట్టుకున్న కూలి, మళ్ళీ మళ్ళీ ఎక్స్‌రేలు, వెళ్ళినప్పుడల్లా ఆటో. పల్లెలో చెయ్యి విరిగితే ఖర్చు ఆస్పత్రి బిల్లులో కనబడదు. ఇంటి నలుమూలలా చిల్లరగా పోతూ ఉంటుంది.

ఆగస్టు మూడో వారంలో విరిగిన చోట గట్టిగా, గుండ్రంగా ఒక బుడిపె తేలింది. ఎముక వంకరగా అతుక్కుంటోందని హడలిపోయి మళ్ళీ ఆస్పత్రికి పరుగెత్తాం. అదే మంచి సూచన అన్నారు. విరిగిన కొసల చుట్టూ శరీరం కొత్త ఎముకను పోగుచేస్తుంది, కాలర్ బోన్ చర్మం కిందే ఉంటుంది కాబట్టి అది చేతికి తగులుతుంది, నెలలు గడిచేకొద్దీ కొంత నునుపు తేలుతుంది. ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే మాకు ఒక ప్రయాణమూ, రెండు రాత్రుల నిద్రా మిగిలేవి.

సెప్టెంబరు 8న రెండో ఎక్స్‌రే. విరిగిన గీత ఇంకా కనబడుతూనే ఉంది, దాని చుట్టూ మబ్బుపట్టినట్టు తెల్లగా ఉంది. నా మనసు కుంగిపోయింది. డాక్టర్ గారు మాత్రం ఫిల్ముకన్నా ఎక్కువగా తన బొటనవేలిని నమ్మారు. బుడిపె మీద నొక్కి చూశారు, నొప్పి లేదన్నాను. జరుగుతున్న దానికన్నా ఎక్స్‌రే కాస్త వెనక నడుస్తుందని, ఇక పట్టీ తీసేయవచ్చని అన్నారు. బరువులు మాత్రం మూడు నెలలు నిండేదాకా ఎత్తవద్దన్నారు. పట్టీ తీసిన క్షణంలో హాయిగా ఉంటుందనుకున్నాను. చెయ్యి నాది కాదన్నట్టు వేలాడింది. మోచెయ్యి సగమే చాచుకుంది. కండ పల్చబడి, రెండు చేతులూ పక్కపక్కన పెడితే ఇద్దరు మనుషుల చేతుల్లా కనబడ్డాయి.

వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి మొదటి రోజు నుంచీ కదిలిస్తూ ఉండమని ఫిజియోథెరపిస్టు గట్టిగా చెప్పారు. అది చేసినందుకే అంతమాత్రమైనా మిగిలింది. మూడో వారం నుంచి నడుము వంచి, చేతిని కిందికి వదిలి, లోలకం ఊగినట్టు మెల్లగా ఊపడం. ఆరు వారాల తరువాత గోడ మీద వేళ్ళతో పాకించుకుంటూ చేతిని పైకి తీసుకెళ్ళడం. నేను కొట్టం గోడ దగ్గర చేసేదాన్ని. గడ్డి వేశాక, గేదె నెమరు వేస్తుంటే ఆ పక్కన గోడకు ఎదురుగా నిలబడి, వేళ్ళు చేరినంత ఎత్తులో పెన్సిల్‌తో చిన్న గీత గీసేదాన్ని. కొన్నాళ్ళు గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడి నల్లటి మరకైపోయాయి. అక్టోబరులో ఒక పొద్దున ఆ మరక దాటి బెత్తెడు పైన గీత పడింది. ఆ గోడకు ఈ ఏడాది సున్నం వేయనివ్వలేదు.

అక్టోబరు ఆఖరున మూడో ఎక్స్‌రే. ఎముక బాగా అతికింది, సైకిల్ తొక్కవచ్చు అన్నారు. ఇంటికి వస్తూ దారంతా గాలిలో తేలినట్టుంది. ఆ సాయంత్రమే సైకిల్ బయటికి తీశాను. మా ఆయన టైర్లకు గాలి కొట్టి, చైన్‌కు నూనె వేసి సిద్ధంగా ఉంచారు. హ్యాండిల్ పట్టుకుని కాలు అవతలికి వేశాను, అంతే. అరచేతులు చెమటలు పట్టి రబ్బరు పిడులు జారిపోయాయి. పళ్ళు బిగుసుకున్నాయి. రోడ్డు పొడిగా, ఖాళీగా ఉంది, అయినా నా కళ్ళకు మలుపు, బురద, పక్కకు పోతున్న ముందు చక్రం కనబడుతున్నాయి. దిగిపోయాను. టైరులో గాలి సరిపోలేదని చెప్పాను. మా ఆయన చక్రం నొక్కి చూసి, ఏమీ అనకుండా సైకిల్ లోపల పెట్టారు.

ఆ తరువాత రోజూ సాయంత్రం అయిదున్నరకు ఏదో ఒక పని తగిలేది. బీరువా సర్దడం, విత్తనాల సంచులు ఎండబెట్టడం, ఫోన్లో మా అక్కతో మాట్లాడటం. సైకిల్ ఎక్కనవసరం లేదని తేలగానే ఒంట్లో ఒక చల్లదనం. వీధిలో వాళ్ళు ప్రేమతోనే అన్నారు, "ఈ వయసులో సైకిల్ ఎందుకు వదినా, నడిస్తే పోలేదా" అని. అత్తయ్య కూడా, "దేవుడి దయవల్ల చేత్తో పోయింది, ఇక చాలమ్మా" అన్నారు. వాళ్ళ మాటలు నాకు సాకుగా బాగానే పనికొచ్చాయి, కానీ రాత్రుళ్ళు బాధగా ఉండేది. కాలువ వైపు చూడటం కూడా మానేశాను.

ఈ సంగతి నేను చెప్పుకున్నది ఫిజియోథెరపిస్టుకే. చేతి కదలిక కొలవడానికి వెళ్ళినప్పుడు మాటల్లో వచ్చింది. ఆమె ఆశ్చర్యపోలేదు. వెళ్ళకుండా ఆగిన ప్రతిసారీ కలిగే ఆ ఊరటే భయానికి మేత అన్నారు. దిగిపోగానే హాయిగా ఉంటుంది కాబట్టి, దిగిపోవడమే సరైనదని శరీరం నేర్చుకుంటుందట. తాను చదువుకునేటప్పుడు విన్న ఒక సంగతి చెప్పారు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, కుందేలంటే హడలిపోయే మూడేళ్ళ పిల్లవాడి భయం పోగొట్టిన తీరును ప్రకటించారు. పిల్లవాడు తనకిష్టమైనవి తింటూ ఉండగా కుందేలును దూరంగా ఉంచి, కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చారు. చివరికి వాడు దాన్ని చేత్తో నిమిరాడు. "మీరు మొదటి రోజే కుందేలును ఒళ్ళో పెట్టుకోవాలని చూశారండీ" అన్నారామె. ధైర్యం తెచ్చుకోండి అని నాకు అప్పటికి చాలామంది చెప్పారు. దూరం పెంచుకోండి అని చెప్పింది ఈమె ఒక్కరే. నేను బాగుపడటం ఆ మాటతో మొదలైంది.

నవంబరు మొదట్లో సైకిల్ ఎక్కకుండా, పక్కన నడిపించుకుంటూ కాలువగట్టు మీదికి వెళ్ళాను. తొక్కాలన్న ఒత్తిడి లేదు. తూము దాకా నడిచి, పిట్టలను చూసి, నడిపించుకుంటూనే వచ్చాను. నాకిష్టమైనది నాకు తిరిగి వచ్చింది, సైకిల్ నా పక్కన ఉంది. కొన్ని సాయంత్రాలు అంతే. చూసినవాళ్ళు పంక్చరా అని అడిగేవాళ్ళు. కాదు, అలవాటు చేసుకుంటున్నాను అని చెప్పడం కూడా అలవాటైంది.

తరువాత మా పక్కింటి పన్నెండేళ్ళ కుర్రాడు ఒక ఉపాయం చెప్పాడు. వాడి చెల్లెలికి సైకిల్ నేర్పడానికి పెడల్స్ ఊడదీశాడట. "పెద్దమ్మా, పెడల్స్ లేకపోతే నువ్వు పడలేవు, రెండు కాళ్ళూ నేల మీదే ఉంటాయి" అన్నాడు. సీటు కిందికి దించి, స్పానర్ తెచ్చి విప్పడం మొదలుపెట్టాడు. కుడి పెడల్ మామూలుగా వచ్చింది. ఎడమది ఎంత తిప్పినా రాలేదు. ఎడమ పెడల్ మరలు ఎదురు తిరుగుడుతో ఉంటాయి, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. మామూలు వైపు బలంగా తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. ఇది తెలియకపోతే మర పాడైపోతుంది, గుర్తుంచుకోండి.

కోత అయిన కళ్లం గట్టిగా, చదునుగా, విశాలంగా ఉంది. అక్కడ సీటు మీద కూర్చుని కాళ్ళతో నేలను తోసుకుంటూ ముందుకు జరిగాను. మా అమ్మాయి పుస్తకంలో చూసి చెప్పింది: 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ తయారు చేసిన రెండు చక్రాల బండికి అసలు పెడల్సే లేవట, అందరూ ఇలాగే కాళ్ళతో తోసుకుంటూ పోయేవారట. ఆ మాట నాకు ఎంతో ఊరటనిచ్చింది. నేను చేస్తున్నది చిన్నపిల్లల పని కాదు, సైకిల్ పుట్టుకే అది. నాలుగు తోపులు తోసి రెండు కాళ్ళూ ఎత్తితే, బండి తనంతట తాను నిలబడి పోతోంది. నేను చేయవలసిందల్లా దానికి అడ్డుపడకుండా ఉండటమే.

అక్కడే నాకు అసలు విషయం అర్థమైంది. సైకిల్ నిలబడాలంటే ముందు చక్రం అటూ ఇటూ సన్నగా తిరుగుతూ తనను తాను సర్దుకుంటూ ఉండాలి. భయంతో చేతులు బిగిస్తే ఆ సర్దుబాటు ఆగిపోతుంది, బండి తూలుతుంది, తూలితే భయం పెరుగుతుంది, ఇంకా బిగిస్తాం. పడతానన్న భయమే పడేసే స్థితికి తెస్తుంది. అందుకే నేను పెట్టుకున్న నియమం ఒకటే: మోచేతులు వంగి ఉండాలి, పిడి మీద వేళ్ళు వదులుగా ఆడాలి. ఊపిరి బిగబట్టకుండా ఉండటానికి కూనిరాగం తీసేదాన్ని. రాగం ఆగిందంటే ఊపిరి ఆగినట్టే, వెంటనే కాలు నేలకు ఆనించేదాన్ని.

పెడల్స్ మళ్ళీ బిగించిన రోజు పెద్ద విశేషమేమీ జరగలేదు. కళ్లంలో గుండ్రంగా తిరిగాను. ఎడమకు తిరగడం తేలిక, కుడికి కష్టం. దెబ్బ తగిలిన భుజం వైపు వాలడానికి ఒళ్ళు ఒప్పుకోలేదు. కుర్రాడు ఇటుకలు పేర్చి వాటి మధ్య నుంచి తిరగమనేవాడు. ఇటుకను చూస్తే ఇటుక మీదికే పోతాను, దాటాక వెళ్ళవలసిన చోటును చూస్తే చక్కగా తిరుగుతాను. చూపు ఎటు పోతే బండి అటు పోతుందని చిన్నప్పుడు నాన్న చెప్పేవారు. ఇప్పుడు అది కళ్ళతో కాదు, భుజంతో నేర్చుకున్నాను.

రోడ్డు మీదికి వచ్చాక కొన్ని కొత్త సంగతులు బయటపడ్డాయి. గతుకుల్లో అదురు నేరుగా బుడిపె దగ్గర తెలిసేది. టైర్లలో గాలి కొంచెం తగ్గించి, హ్యాండిల్ కాస్త పైకి లేపి బిగిస్తే చాలావరకు పోయింది. మెడ వెనక్కి తిప్పి చూడటం ఇంకా సరిగా రాదు, అందుకని హ్యాండిల్‌కు చిన్న అద్దం పెట్టించాను. కుడి భుజాన సంచి తగిలించుకుంటే పట్టీ సరిగ్గా ఎముక మీద పడి నలుగుతుంది, సంచి క్యారియర్ మీదికి మారింది. హెల్మెట్ కొన్నాను. వీధిలో మొదట వింతగా చూశారు, తరువాత చూడటం మానేశారు.

నవంబరు చివర ఒక ఎదురుదెబ్బ. డొంకదారిలో కుక్క ఒకటి మొరుగుతూ చక్రానికి అడ్డంగా వచ్చింది. నేను పడలేదు. బ్రేకు వేసి, కాలు ఆనించి, దిగి, నాకూ కుక్కకూ మధ్య సైకిల్ ఉండేలా నిలబడ్డాను. కదలిక ఆగగానే అది తరమడం మానేసి నాలుగు అరుపులు అరిచి వెళ్ళిపోయింది. చేయవలసింది అంతా సరిగ్గానే చేశాను, అయినా ఇంటికి వచ్చాక వణుకు పట్టుకుంది. మర్నాడు మళ్ళీ బీరువా సర్దాలనిపించింది. ఈసారి ఆ ఆలోచన ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలుసు. సైకిల్ ఎక్కలేదు, కానీ పక్కన నడిపించుకుంటూ గట్టు మీదికి వెళ్ళాను. మళ్ళీ మొదటి మెట్టు నుంచి మొదలైంది, కాకపోతే మెట్లు తొందరగా ఎక్కాను. ఎవరికైనా ఇది జరుగుతుంది. వెనక్కి పోయినట్టు ఉంటుంది, నిజానికి అంత వెనక్కి పోము.

ఇక మలుపు. డిసెంబరు మధ్యలో, బాగా ఎండగా ఉన్న ఒక మధ్యాహ్నం ముందు నడిచి వెళ్ళి చూశాను. అది నేను ఊహించుకుంటున్నంత వంకర కాదు. రోడ్డు అంచున గులకరాళ్ళు ఉన్నాయి, మధ్యలో లేవు. చక్రం ఏ దారిన పోవాలో నడిచే చూసుకున్నాను. మొదట అవతలి వైపు నుంచి తొక్కాను. అలా వస్తే అది ఎడమ మలుపు అవుతుంది, నాకు తేలికైన వైపు. తరువాత ఇటు నుంచి. మలుపు రాకముందే రెండు బ్రేకులూ మెల్లగా వేసి వేగం తగ్గించి, లోపలికి వెళ్ళాక బ్రేకు ముట్టుకోకుండా, కళ్ళు మలుపు చివర ఉన్న తుమ్మచెట్టు మీద పెట్టాను. కూనిరాగం ఒక్కచోట ఆగింది, మళ్ళీ అందుకున్నాను. చెట్టు దాటాక కాళ్ళలో సత్తువ పోయి దిగి గట్టు మీద కూర్చున్నాను. కన్నీళ్ళు వచ్చాయి. ఆ ఏడుపు సంతోషం వల్లో, అన్ని నెలల అలసట వల్లో నాకే తెలియదు. కుర్రాడు చూడనట్టు అటు తిరిగి రాళ్ళు విసురుతూ ఉండిపోయాడు. మర్నాడూ వెళ్ళాను, ఆ తరువాతా వెళ్ళాను, ఆ మలుపంటే విసుగు పుట్టేదాకా వెళ్ళాను. భయం పోయిందని నాకు తెలిసింది ఏడ్చిన రోజున కాదు. ఇంటికి వచ్చాక, ఇవాళ మలుపు ఎప్పుడు దాటానో గుర్తులేదని గమనించిన రోజున.

జనవరిలో రెండో పంటకు దమ్ములు మొదలయ్యాయి. ట్రాక్టర్లు మళ్ళీ రోడ్డెక్కాయి, మలుపులో మళ్ళీ బురద. అక్కడ నేను దిగి నడిపించుకుంటూ వెళ్తున్నాను. ఇంకా భయమేనా అని అడిగారు ఒకరు. కాదని గట్టిగానే చెప్పాను. తడి రేగడి మీద సన్నని టైరుకు పట్టు ఉండదు, అది ఎవరికీ ఉండదు. పొడి రోడ్డు మీద నన్ను దించేసిన భయం అబద్ధం చెప్పింది. తడి బురద దగ్గర దిగమనేది ఉన్న సంగతే చెబుతోంది. ఈ రెండూ ఛాతీలో ఒకేలా కొట్టుకుంటాయి, అందుకే మొదట్లో వేరు చేయలేకపోయాను. ఇప్పుడు నేల వైపు చూస్తాను. నేలలో కారణం కనబడితే దిగుతాను, కనబడకపోతే కూనిరాగం అందుకుంటాను.

జనవరి ఆఖరున చివరిసారి ఆస్పత్రికి వెళ్ళాను. చెయ్యి పైకి పూర్తిగా లేస్తోంది, చివరి కొద్దిపాటి ఎత్తులో మాత్రం దండెం మీద బట్టలు ఆరేసేటప్పుడు లాగుతుంది. బుడిపె కొంత తగ్గింది, పూర్తిగా పోకపోవచ్చన్నారు. నాకు పట్టింపు లేదు. ఇక రానవసరం లేదన్నారు. గేదె మళ్ళీ నా చేతికే పాలిస్తోంది. జడ నేనే వేసుకుంటున్నాను, అమ్మాయికి కూడా.

బరువుతో తొక్కడం ఇంకా మొదలుపెట్టలేదు. వెనక క్యారియర్ మీద బరువు ఉంటే ముందు చక్రం తేలికైపోయి హ్యాండిల్ వేరేలా పలుకుతుంది, ఆ తేడాకు చేతులు కొత్తగా అలవాటు పడాలి. మార్చిలో కళ్లం మళ్ళీ ఖాళీ అవుతుంది. ఖాళీ పాలక్యాను కట్టి మొదట అక్కడ తిప్పి చూస్తాను, తరువాత సగం నీళ్ళు పోసి.